నాలుగో పన్ను మీది గార: ప్రాచీన డీఎన్‌ఏతో నోటి సూక్ష్మజీవులను వెతికిన ఒక కేసు

ఏడు పళ్లు మా ప్రయోగశాలకు వచ్చాయి, ఒక్కొక్కటి ఒక్కో సంచిలో. అన్నీ ఒకే శ్మశానవాటికలోవే, ఏడుగురు వేర్వేరు మనుషుల దవడల నుంచి తీసినవి. వయసు సుమారు వెయ్యేళ్లని రేడియోకార్బన్ పరీక్షలో తేలింది. తవ్వకం జరిపిన పురావస్తు శాస్త్రవేత్తల ప్రశ్న సూటిగా ఉంది: వీళ్లు బతికి ఉన్నప్పుడు నోట్లో ఏ సూక్ష్మజీవులు కాపురం ఉండేవి? చిగుళ్ల జబ్బు ఉండేదా? స్థలం వివరాలు బయటపెట్టకూడదన్న ఒప్పందం వల్ల ఆ ఊసు ఇక్కడ ఎత్తడం లేదు. మా పద్ధతి ఏమిటో, ఎక్కడ పొరబడ్డామో, ఆ పొరపాటు ఎలా బయటపడిందో మాత్రం దాపరికం లేకుండా రాస్తాను.

పళ్లతోపాటు సమాధుల్లోని మట్టిని కూడా రెండు సీసాల్లో పంపమని పట్టుబట్టి తెప్పించుకున్నాం. ఎముకలను కడిగి పెట్టెల్లో సర్దేశాక ఆ మట్టి ఇక దొరకదు. చాలా తవ్వకాల్లో దాన్ని ఎవరూ దాచరు. ఈ కేసు చివరికి తేలింది ఆ రెండు సీసాల పుణ్యాన్నే.

మా ఆశ అంతా పళ్ల మీది గార మీదే. పంటి మీద పేరుకున్న పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి దాన్ని గట్టిపరుస్తాయి. దాని మీద కొత్త పాచి పడుతుంది, అదీ గట్టిపడుతుంది. మనిషి బతికుండగానే, అతని నోట్లోనే, బాక్టీరియా ఇలా పొరలు పొరలుగా రాతిలో సమాధి అవుతాయి. పాత ఎముకలో దొరికే డీఎన్‌ఏలో చాలా భాగం మరణం తర్వాత చేరిన మట్టి జీవులది. చెడిపోని గారలో మాత్రం పెద్ద వాటా నోటి జీవులదే. మనిషి సొంత డీఎన్‌ఏ అందులో సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. జర్మనీలోని డాల్‌హైమ్‌లో మధ్యయుగపు మఠం దగ్గర పూడ్చిన మనుషుల గార నుంచి, చిగుళ్ల జబ్బుతో ముడిపడిన టానెరెల్లా ఫోర్సిథియా అనే బాక్టీరియా జన్యుక్రమాన్ని తిరిగి కూర్చిన పరిశోధన 2014లో వచ్చింది. 2017లో స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్ గుహకు చెందిన నియాండర్తాల్ మనిషి గార నుంచి మీథేన్‌ను తయారుచేసే ఒక ఆర్కియా (బాక్టీరియాలా కనిపించే వేరే తెగ ఏకకణ జీవి) జన్యుక్రమం బయటికి వచ్చింది. 2021 నాటికి ఈ వెతుకులాట లక్ష ఏళ్ల వెనక్కి వెళ్లింది. వాటి ముందు మా వెయ్యేళ్ల పళ్లు నిన్నమొన్నటివి. అందుకే పని తేలిక అనుకున్నాం.

నమూనా తీసే రోజు గురించి ఒక్క మాట. గారను గీరి తీస్తే అది తిరిగి రాదు. వెయ్యేళ్లు నిలిచినదాన్ని పది నిమిషాల్లో పొడి చేస్తున్నామన్న ఎరుక చేతిలో ఉండాలి. ఒక్కో పంటి నుంచి ఐదు నుంచి పది మిల్లీగ్రాములకు మించకుండా తీసి, గారలో సగమైనా పంటి మీదే ఉంచాలని ముందే నియమం పెట్టుకున్నాం. ఇవి ఒకప్పుడు మాట్లాడిన, తిన్న, నవ్విన నోళ్లు. ఆ నేల మీద వారసత్వం ఉన్న సమాజంతో పురావస్తు బృందం ముందే మాట్లాడి, ఏమి చేయబోతున్నామో చెప్పి ఒప్పుకోలు తీసుకున్నాకే మేము సంచులు తెరిచాం.

బ్లీచుతో తుడిచి, అతినీలలోహిత కాంతి పట్టించిన ప్రత్యేక గదిలో, ఒంటినిండా రక్షణ దుస్తులతో పని జరిగింది. గార ముక్కల పైపూతను ఈడీటీఏ అనే, కాల్షియాన్ని పట్టి లాగే రసాయన ద్రావణంతో కడిగి పారేశాం. తర్వాత ఈడీటీఏతో ఖనిజాన్ని, ప్రొటీనేజ్ కే ఎంజైమ్‌తో ప్రొటీన్లను కరిగించి, అతి చిన్న తునకలను కూడా పట్టుకునే సిలికా పద్ధతిలో డీఎన్‌ఏను వేరుచేశాం. ప్రతి విడతలోనూ గారేమీ వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అవే దశల గుండా నడిపాం. ఆ గొట్టంలో తేలినదల్లా మన చేతుల నుంచో, రసాయనాల నుంచో వచ్చినదే. మా ఖాళీ గొట్టాల్లో చర్మం మీద ఉండే క్యూటిబాక్టీరియం, ప్రయోగశాల నీటిలో తరచు కనిపించే రాల్‌స్టోనియా దొరికాయి. వాటిని ముందే లెక్కలోంచి తీసేశాం.

ఇక్కడ జాగ్రత్త ఎందుకంటే ఈ రంగం ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నది. అంతరించిపోయిన క్వాగా అనే జీబ్రా రకపు జంతువు చర్మం నుంచి 1984లో డీఎన్‌ఏ చదవడంతో మొదలైన ఉత్సాహం, 1994లో ఎనిమిది కోట్ల ఏళ్ల నాటి ఎముక నుంచి డీఎన్‌ఏ దొరికిందన్న ప్రకటన దాకా వెళ్లింది. తరచి చూస్తే అది మనుషుల డీఎన్‌ఏ. ఆనాటి పాఠం మా తరం వాళ్లకు చదువుతోపాటు నూరిపోసినదే. అయినా మేము ఇంకో రకంగా పొరబడ్డాం.

మొదటి ఫలితాలు

సీక్వెన్సింగ్ నుంచి, అంటే డీఎన్‌ఏ అక్షరాలను యంత్రంతో చదవడం నుంచి వచ్చిన తునకలను క్రాకెన్ అనే సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌తో పోల్చి, ఏ తునక ఏ జీవిదో పేర్లు పెట్టింది. ఏడు నమూనాల్లో ఐదింటిలో ఊహించినవే కనిపించాయి: ఆక్టినోమైసిస్, ఫ్యూసోబాక్టీరియం, ఓల్సెనెల్లా, ప్రాచీన గారలో తరచు కనిపించే అనెరోలినేసి కుటుంబపు నోటి జీవి. ఆరో నమూనాలో చదవడానికి దాదాపు ఏమీ మిగలలేదు. దాన్ని పక్కన పెట్టాం.

నాలుగోది అందరినీ కట్టిపడేసింది. మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ జాతులు. పైగా జాబితాలో మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్, అంటే క్షయ కారకం. చెడిపోయిన డీఎన్‌ఏ గుర్తులు కూడా పుష్కలంగా ఉన్నాయి. వెయ్యేళ్ల నాటి ఒక మనిషి నోట్లో ఇంత వైవిధ్యం, దానితోపాటు క్షయ! ఆ సాయంత్రం మేమంతా ఆ ఒక్క పటం చుట్టూ నిలబడి ఉండిపోయాం. ఆ ఆనందం నిజమైనదే, నేనూ అందులో ఉన్నాను.

చెడిపోయిన గుర్తులంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మేము మోసపోయింది అక్కడే. జీవి చనిపోయాక డీఎన్‌ఏను బాగుచేసే యంత్రాంగం ఆగిపోతుంది. పోగు ముక్కలవుతుంది. ముక్కల చివరల్లో జంట పోగు లేకుండా ఒంటిగా వేలాడే భాగంలో, డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో (ఏ, సీ, జీ, టీ) ఒకటైన సైటోసిన్ (సీ) అమైన్ గుంపును కోల్పోయి యురాసిల్‌గా మారుతుంది. సీక్వెన్సింగ్ యంత్రం దాన్ని థైమిన్ (టీ)గా చదువుతుంది. అందుకే పాత డీఎన్‌ఏలో తునక మొదట్లో సీ ఉండవలసిన చోట టీ, రెండో చివర జీ ఉండవలసిన చోట ఏ ఎక్కువగా కనిపిస్తాయి. లోపలికి పోయేకొద్దీ ఆ మార్పు తగ్గుతుంది. గీస్తే రెండు చివరలా పైకి లేచిన వంపు వస్తుంది. నిన్న పడిన బాక్టీరియాకు ఆ వంపు ఉండదు. మాకు కాలం చేసిన సంతకం అదే.

నాలుగో నమూనాలో ఆ వంపు అందంగా వచ్చింది. కాబట్టి పాతది. కాబట్టి నోటిది అనుకున్నాం. ఈ రెండో 'కాబట్టి'కి ఆధారం లేదని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మనిషిని పూడ్చాక కొన్ని వారాలు, నెలలు, ఏళ్లపాటు శరీరం మీద, చుట్టూ మట్టిలో బాక్టీరియా విందు చేసుకుంటాయి. తర్వాత అవీ చనిపోతాయి. వెయ్యేళ్ల కిందట చనిపోయిన ఆ మట్టి బాక్టీరియా డీఎన్‌ఏ కూడా వెయ్యేళ్లు పాతదే. దాని చివరల్లో కూడా సీ టీగా మారే ఉంటుంది. వంపు వయసు చెబుతుంది, చిరునామా చెప్పదు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయకుండా ప్రాచీన సూక్ష్మజీవుల సమాజాన్ని పునర్నిర్మించామని ఎవరన్నా, నేను ఇప్పుడు ముందుగా అడిగేది మట్టి నమూనా ఎక్కడ అనే.

చిరునామా వెతకడం

మొదట నాలుగో నమూనా మొత్తానికి ఒకటే గీసిన వంపును జాతులవారీగా విడగొట్టాం. వెంటనే చిత్రం మారింది. కొన్ని జాతుల్లో వంపు నిటారుగా ఉంది, కొన్నిటిలో అసలు లేదు, ఇంకొన్ని మధ్యలో. నోటి జీవులన్నీ ఒకే మనిషి జీవితకాలంలో గారలో చిక్కినవైతే వాటి వంపులు ఇంచుమించు ఒకలా ఉండాలి. ఇక్కడ కనిపించింది వేర్వేరు కాలాల్లో వచ్చి చేరిన గుంపు. మొత్తానికి ఒకే సగటు గీసినప్పుడు, ఎక్కువ సంఖ్యలో ఉన్న రెండు మూడు పాత జాతులు మిగతా అన్నిటి వయసునూ కప్పేశాయి. సగటు వంపును ఒక్కదాన్నే చూసి ఏ నమూనానూ అంగీకరించకూడదని ఆ రోజు నుంచి మా ప్రయోగశాలలో రాతపూర్వక నియమం ఉంది.

తర్వాత సోర్స్‌ట్రాకర్‌తో పోలిక. ఇది 2011లో వచ్చిన పద్ధతి. తెలిసిన మూలాల కలయికగా ఒక నమూనాను విడగొట్టి, ఏ మూలం వాటా ఎంతో అంచనా వేస్తుంది. నేటి మనుషుల పాచి, గార, పేగు, చర్మం, మా రెండు మట్టి సీసాలు, ఖాళీ గొట్టాలు అన్నిటినీ మూలాలుగా ఇచ్చాం. మిగతా ఐదు నమూనాలు గార వైపే ఒరిగాయి. నాలుగోదానిలో సగానికి పైగా మట్టి సీసాలతో సరిపోయింది. ప్రచురణల్లో దొరికే ఏదో ఒక మట్టి డేటాను వాడి ఉంటే ఇంత స్పష్టంగా తేలేది కాదు. మట్టి మట్టికీ తేడా ఉంటుంది, కావలసింది ఆ సమాధి మట్టే.

అయినా నాకు మనసు ఒప్పలేదు. ఇంకో సాక్ష్యం కావాలనిపించింది. పురావస్తు బృందం అనుమతి తీసుకుని, అదే పంటి వేరు లోపలి దంతధాతువు నుంచి కొద్దిగా తీశాం. నోటి సూక్ష్మజీవులు కాపురం ఉండేది పంటి పైభాగం మీద, చిగురు అంచున. వేరు లోపల మామూలుగా వాటికి చోటు లేదు. బయట గారలో ఉన్న సమాజమే వేరు లోపల కూడా కనిపిస్తే, అది నీటితోపాటు ఇంకి వచ్చిందనే అర్థం. కనిపించింది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్, బ్రాడీరైజోబియం, రకరకాల క్లోస్ట్రిడియం జాతులు, ఇంచుమించు అదే వరుసలో. నాలుగో పంటి గార సూక్ష్మదర్శిని కింద కూడా పగుళ్లు బారి, జల్లెడలా ఉంది. ఆ సంగతి నమూనా తీసిన రోజు నోటు పుస్తకంలో రాసే ఉంది. సీక్వెన్సింగ్ ఫలితాల హడావిడిలో ఎవరూ ఆ పేజీ తిప్పలేదు.

ఇక క్షయ. జాబితాలో పేరు పడినంత మాత్రాన ఆ జీవి ఉన్నట్టు కాదు. మైకోబాక్టీరియం కుటుంబంలో మట్టిలో, నీటిలో బతికే జాతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటి జన్యుక్రమం డేటాబేస్‌లలో లేదు, క్షయ కారకానిది మాత్రం లెక్కలేనన్ని సార్లు చదివి పెట్టి ఉంది. తన పేరు పుస్తకంలో లేని జీవి తునక, పుస్తకంలో ఉన్న దగ్గరి చుట్టం పేరు కింద నమోదవుతుంది. నిజంగా క్షయ కారకమే అయితే ఆ తునకలు దాని సుమారు 44 లక్షల అక్షరాల జన్యుక్రమం పొడవునా చల్లినట్టు పడాలి. మా తునకలు కొన్ని చోట్ల కుప్పలుగా పడ్డాయి. ఆ కుప్పలు ఎక్కువగా రైబోసోమ్ జన్యువుల వంటి, బంధు జాతులన్నిటిలోనూ పెద్దగా మారని భాగాల మీదే. మరో పరీక్ష, తునకకూ మూలక్రమానికీ మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్కించడం. సొంత జీవి అయితే తేడాలేని తునకలు ఎక్కువగా ఉండి, తేడా పెరిగేకొద్దీ సంఖ్య తగ్గిపోవాలి. మా దగ్గర రెండు మూడు తేడాలున్న తునకలే ఎక్కువ. అది చుట్టరికం గుర్తే తప్ప క్షయ గుర్తు కాదు.

ప్రాచీన క్షయను నిజంగా నిరూపించిన పనితో పోలిస్తే మా సాక్ష్యం ఎంత పలచనో తెలుస్తుంది. పెరూలో దొరికిన సుమారు వెయ్యేళ్ల నాటి మూడు అస్థిపంజరాల నుంచి పూర్తి జన్యుక్రమాలు కూర్చి, అవి సీల్ జంతువుల్లో కనిపించే రకానికి దగ్గరివని 2014లో చూపించారు. ఎముకల మీద జబ్బు గుర్తులు, నిండైన జన్యుక్రమం, వంశవృక్షంలో స్థానం, మూడూ కుదిరాయి. మాకున్నది జాబితాలో ఒక పేరు. ఆ పేరు కొట్టేశాం.

పారేయబోయిన ఆరోది

నాలుగోది చేజారిన వారంలోనే ఆరోదాని దగ్గరికి తిరిగి వెళ్లాం. అందులో ఏమీ లేదని మేమనుకోవడానికి కారణం మా జల్లెడే. అక్షరాలు 50కి తక్కువ ఉన్న తునకలన్నిటినీ మొదట్లోనే పారేసే ఏర్పాటు ఉంది. అది వేరే రకం నమూనాల కోసం ఎప్పుడో పెట్టినది, ఎవరూ మార్చలేదు. ఆరో నమూనాలో డీఎన్‌ఏ బాగా తునిగిపోయింది. చాలా తునకలు ఆ గీత కిందే ఉన్నాయి. హద్దును 30కి దించి మళ్లీ నడిపితే నమూనా నిండింది.

ఇలా దించడం ఉచితంగా వచ్చే లాభమేమీ కాదు. 30 అక్షరాల తునక రెండు మూడు జాతులకు సమానంగా సరిపోవచ్చు. అప్పుడు జాతి పేరు పెట్టకుండా వాటి ఉమ్మడి పూర్వీకుల స్థాయి దగ్గర ఆగిపోవాలి. 30కి కూడా దిగువకు పోతే ఏ తునకకు ఏ పేరైనా అతుకుతుంది. అందుకే అక్కడ గీత గీశాం. ఆ కఠినమైన లెక్కలో కూడా ఆరోది నిలబడింది. అన్ని నోటి జాతుల వంపులూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. మట్టి వాటా చాలా తక్కువ. గార కూడా పగుళ్లు లేకుండా గట్టిగా, గాజులా ఉంది.

దంతవైద్యులు ఎర్ర కూటమి అని పిలిచే మూడు జీవులు, అంటే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా ఆరోదానిలో దొరికాయి. టానెరెల్లా తునకలు దాని జన్యుక్రమం పొడవునా పరుచుకున్నాయి, తేడాల లెక్క సున్నా దగ్గర మొదలై సాఫీగా దిగింది. క్షయ విషయంలో లేనిదంతా ఇక్కడ ఉంది. రెండు పటాలను పక్కపక్కన అంటించి పెట్టుకున్నాను. కొత్తగా చేరే విద్యార్థులకు మొదటి రోజు చూపించేది అవే.

డేటాబేస్ మీద ఆధారపడకుండా, తునకలను ఒకదానితో ఒకటి అతికించి జన్యుక్రమాలను మొదటి నుంచి కూర్చే ప్రయత్నం కూడా చేశాం. ఇటీవలి గొప్ప ఫలితాల్లో చాలావి ఆ దారిలోనివే. 2021లో అమెరికా నైరుతి ప్రాంతం, మెక్సికోలలో దొరికిన వెయ్యి నుంచి రెండు వేల ఏళ్ల నాటి మలం నుంచి వందల కొద్దీ సూక్ష్మజీవుల జన్యుక్రమాలు కూర్చితే, వాటిలో నేటి శాస్త్రానికి తెలియని జాతులు ఎన్నో బయటపడ్డాయి. 2023లో ఇంకో బృందం పాతరాతి యుగపు గారలో క్లోరోబియం అనే బాక్టీరియా జన్యుక్రమాలను కూర్చి, అందులోని జన్యువులను నేటి బాక్టీరియాలో పెట్టి, అవి తయారుచేసే అణువులను ప్రయోగశాలలో పుట్టించింది. మన దగ్గర పేరే లేని జీవిని ఏ డేటాబేసూ చూపించలేదు, ఈ పద్ధతి చూపించగలదు. కానీ దీనికి తునకల సంఖ్య చాలా కావాలి. మా ఏడింటిలో రెండు నమూనాలకే కూర్పు సాగింది. చివరల్లో టీగా మారిన సీలు కూర్పులోకి కూడా తప్పుగా చొరబడతాయి కాబట్టి, కూర్చిన ప్రతి పోగుకూ పైడ్యామేజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడిగా వయసు పరీక్ష చేశాం. ఆరోదానిలో కూర్పుకు సరిపడా లోతు లేదు, అంటే తునకల సంఖ్య చాలలేదు. ఇంకొంచెం గార తీస్తే వచ్చేదేమో. తీయలేదు.

మేము ఇచ్చిన జవాబు

చిగుళ్ల జబ్బు ఉండేదా అన్న ప్రశ్నకు ఎర్ర కూటమి దొరికిందని రాసి ఊరుకుంటే చదివినవాళ్లు ఉండేదనే అనుకుంటారు. ఆ మూడు జీవులూ ఆరోగ్యంగా ఉన్న నోళ్లలో కూడా తక్కువ మోతాదులో ఉంటాయి. అదీకాక గార ముదిరిన పాచికి ప్రతిరూపం. పంటి మీద మొదట స్థిరపడేది స్ట్రెప్టోకాకస్ వంటివి. పాచి ముదిరేకొద్దీ ప్రాణవాయువు అందని లోపలి పొరల్లో వేరే జాతులు పెరుగుతాయి. కాబట్టి గారలో స్ట్రెప్టోకాకస్ తక్కువగా, ఎర్ర కూటమి ఎక్కువగా కనబడినంత మాత్రాన, నేటి మనుషుల తాజా పాచితో పోల్చి ఆనాటి వాళ్లు రోగిష్టులని తీర్పు చెప్పడం అన్యాయం. గారను గారతోనే పోల్చాలి.

అందుకే దవడలను మళ్లీ చూడమని పురావస్తు బృందాన్ని కోరాం. పంటి మెడ నుంచి ఎముక ఎంత కిందికి జారిందో కొలిస్తే, ఆరో మనిషి దవడలో నష్టం స్పష్టంగా ఉంది. రెండో మనిషి గారలో కూడా ఎర్ర కూటమి ఉంది, కానీ దవడ చెక్కుచెదరలేదు. నివేదికలో ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కనే రాశాం. ఆరో మనిషికి చిగుళ్ల జబ్బు ఉండేదని ఎముక చెప్పింది, ఆ జబ్బుతో ముడిపడిన జీవులు అక్కడ ఉన్నాయని డీఎన్‌ఏ చెప్పింది. రెండో మనిషి విషయంలో జబ్బు అన్న మాట వాడలేదు. ఏడుగురి నోటి సమాజం అని కాకుండా ఆరుగురిది అని రాశాం. ఏదైనా జాతి కనబడకపోతే, లేదు అనే బదులు, ఈ లోతులో దొరకలేదు అని రాశాం.

నాలుగో నమూనా డేటాను ఏమి చేయాలన్న చర్చ చివరగా వచ్చింది. పనికిరానిది కాబట్టి బయటపెట్టనక్కరలేదని ఒక అభిప్రాయం. నేను ఒప్పుకోలేదు. అది నోటి చరిత్ర కాకపోవచ్చు, కానీ ఒక మనిషిని మట్టి తనలో కలుపుకున్న క్రమం అందులో వయసులవారీగా నమోదై ఉంది. మొదట వచ్చినవి, తర్వాత వచ్చినవి, నిన్నమొన్న వచ్చినవి, అన్నీ విడివిడి వంపులతో. శవం కుళ్లే క్రమాన్ని చదివేవారికి అది అరుదైన నమూనా. మట్టి సీసాల, వేరు లోపలి దంతధాతువు, ఖాళీ గొట్టాల డేటాతో కలిపి యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ అనే బహిరంగ డేటాబేస్‌లో పెట్టాం. నమూనా రకం అన్న గడిలో మొదట 'గార' అని ఉన్నదాన్ని కొట్టేసి, 'సమాధి మట్టితో నిండిన గార' అని మార్చాం. పళ్లన్నీ, వాటి మీద మిగిల్చిన సగం గారతో సహా, వచ్చిన సంచుల్లోనే తిరిగి వెళ్లాయి.